రెండేళ్ల కోర్సు

కాశీబుగ్గలో ఫ్లెక్సీ షాపులో ఉద్యోగం దొరికినప్పుడు పెళ్లి బ్యానర్లు, పుట్టినరోజు బ్యానర్లు చేసుకుంటూ హాయిగా గడిపేస్తాననుకున్నాను. టెక్కలిలో డిగ్రీ చదివి, ఆ తర్వాత కంప్యూటర్ నేర్చుకున్నదాన్ని. బొమ్మలకి రంగులు దిద్దడమంటే నాకు సరదా. పెళ్లి బ్యానర్లూ వచ్చేవి, నాయకుల నవ్వు మొహాలూ వచ్చేవి. కానీ ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చే పని వేరు. ఆటో దిగి ఎవరో ఒకరు షాపు గుమ్మంలో నిలబడతారు. లోపలికి రమ్మనేదాకా రారు. అప్పుడే నాకు విషయం తెలిసిపోయేది. పెద్దకార్యానికి బ్యానరు కావాలి, మీద శ్రద్ధాంజలి అని రాయాలి.

"మొకం ఉబ్బిపోనాదమ్మా ఆకర్ని. పాత మొకం ఎట్టగలవేటి?" అని అడిగేవారు.

పెట్టగలను. బుగ్గలు లోపలికి లాగేదాన్ని. కనురెప్పల వాపు తీసేసేదాన్ని. కిడ్నీ జబ్బు ఆ మనిషి మొహం మీద చేసిందంతా మౌసుతో వెనక్కి తిప్పేదాన్ని. ఆ ఇంటి ఆడమనిషి తెరమీద చూసి, "ఇదీ, ఇదీ మావోడంటే!" అని అక్కడే కూలబడి ఏడ్చేది. నేను ప్రింటర్లో రంగు అయిపోయిందా అని చూస్తున్నట్టు అటు తిరిగేదాన్ని. ప్రింటు తీశాక సిరా ఆరేదాకా గోడ పొడుగునా కట్టిన తాడు మీద వేలాడదీసేవాళ్లం. అలా నా రోజంతా పోయినవాళ్ల మొహాల మధ్యే గడిచేది. ఏ పెళ్లికో వెళ్తే బంతిలో ఎదురుగా కూర్చున్న బతికున్న మనిషి కళ్ల కింద ఉబ్బు కనిపించేది. దాన్ని ఎక్కడి నుంచి సరిచేయాలా అని నా వేళ్లు వాటంతట అవే కదిలేవి. ఛీ ఛీ, ఇదేం పాడు బుద్ధి అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. బుద్ధి మాత్రం మారేది కాదు.

అదే బుద్ధితో ఒకరోజు మా బావ మొహం చూశాను.

బావంటే మా అక్క మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. బావ అక్కడే మెషీన్లు బాగుచేసే ఫిట్టరు. ఇద్దరూ ఉద్దానంలో ఊరి నుంచి ఒకే మోటారు సైకిలు మీద వచ్చి వెళ్లేవారు. ముందు బావ కాళ్లు వాచాయి. ఎండ తగిలిందన్నారు. తర్వాత ఆకలి పోయింది. పైత్యమన్నారు. రక్త పరీక్ష చేయించాక ఇంకేమీ అనలేదు, అనడానికి ఏముంది? మా ఊళ్లల్లో ఆ పరీక్షకి ఎందుకు వెళ్తారో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు.

బాయిలరు దగ్గర నిలబడే ఓపిక పోవడంతో ఫ్యాక్టరీ మానేశాడు. కూర్చుని చేసే పని కావాలనుకున్నాడు. విశాఖలో వర్క్‌షాపులకి మెషీన్ల విడిభాగాలు కంప్యూటర్లో గీసిస్తే ఇంటి దగ్గరే బతకొచ్చని ఎవరో చెప్పారు. రెండువేల తొమ్మిది ప్రాంతం అది. మా షాపుకి అప్పుడే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. మధ్యాహ్నం పూట గిరాకీ ఉండదు కాబట్టి మూలనున్న పాత కంప్యూటరు వాడుకోవడానికి మా ఓనరు ఒప్పుకున్నాడు.

"మరదలా, నెట్టులో కోర్సులున్నాయంట గదా. నాకోటి సూసిపెట్టు," అన్నాడు బావ స్టూలు లాక్కుని.

"ఏటి బావా, గెడ్డం నెరిసినాక బడికెల్తావా?"

"నీ పక్కనైతే ఏ బడికైనా ఎల్తాను."

"అప్పతో సెప్తానుండు."

"సెప్పు. అదే ఫీజు కట్టి మరీ పంపుతాది."

బెంగుళూరు వైపు సంస్థ ఒకదాని వెబ్‌సైటు తెరిచాను. పైన రెండు గుమ్మాలున్నట్టు రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి డిజైన్, ఇంకోటి ఇంజనీరింగ్. డిజైన్ మీద నొక్కితే ముందు ఇంటీరియర్ వచ్చింది. ఇంట్లో సోఫా ఎక్కడ వెయ్యాలి, లైటు ఎక్కడ పెట్టాలి అని నేర్పుతారని చదివి చెప్పాను. "మన కాడ నులకమంచం ఎక్కడేత్తే అదే హాలు, దానికి కోర్సెందుకే," అన్నాడు. తర్వాత గ్రాఫిక్ డిజైన్. అది నువ్వు చేస్తున్న పనే కదా అని తలెత్తి తాడు మీదున్న బ్యానర్ల వంక చూశాడు. వద్దులే అన్నాడు.

ఇంజనీరింగ్‌లో ఆయనకి పనికొచ్చేవి రెండే తేలాయి. ఒకటి మెషీన్ల బొమ్మలు గీయడం మాత్రమే నేర్పేది, మూడు నెలలు. ఇంకోటి మెషీన్ని మొదట్నుంచీ ఆలోచించి తయారుచేయడం నేర్పేది, రెండేళ్లు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నేను చదవడం ఆపేశాను.

మా ఉద్దానంలో ఒక సంగతుంది. జబ్బు పడ్డవాడు కొబ్బరి మొక్క నాటడు. జీడి మొక్క కూడా నాటడు. వంగో, బెండో, తోటకూరో వేసుకుంటాడు. దారినపోయేవాళ్లు ఆ పాదులు చూసి డాక్టరు ఏం చెప్పాడో తెలుసుకుంటారు. ఎవరూ పైకి అడగరు. అడగాల్సిన పని లేదు. ఇప్పుడు బావ ముందు ఆ రెండు కోర్సులూ అలాగే ఉన్నాయి. ఏది నొక్కినా ఆయన లోపల లెక్క బయటపడిపోతుంది. నాకు ఆ లెక్క వినాలని లేదు. కుర్చీలోంచి లేచి పారిపోదామనిపించింది.

"మూడు నెల్లది బాగున్నాది," అన్నాడు బావ. గొంతు మామూలుగానే ఉంది. "గబుక్కున సేతికొస్తాది."

అంతలో అప్ప వచ్చింది. ఫ్యాక్టరీ వదిలాక ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్లాలి. జీడి రసానికి వేళ్లు నల్లగా మాడిపోయి, చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని నిలబడింది. ఏం చూస్తున్నారని అడిగితే చెప్పాను.

"రొండేళ్లది సేయ్," అంది వెంటనే.

"నువ్వాగే. నీకు తెల్దు. నాకు బొమ్మ గియ్యడం ఒస్తే సాలు."

"సాలదు. పెద్దదే సేయ్ మావా."

"ఎందుకే అంత? మూడు నెల్లకి పనైపోతాది గదా."

"ఆఁ. మూడు నెల్లకి అయిపోతాది. అందుకే వద్దంతన్నాను," అంది.

బావ నేల చూపులు చూశాడు. కాసేపటికి ఆయన గట్టిగా ఊపిరి తీసి, "సరే మరదలా, రొండేళ్లదే రాయ్. లేపోతే ఇది ఇంటికాడ కూడెట్టదు," అన్నాడు.

మర్నాడు ఆ సంస్థ నుంచి ఒక అమ్మాయి షాపుకి ఫోను చేసింది. హైదరాబాదు తెలుగు, గొంతు చిలకలా ఉంది. బావ వింటాడని స్పీకరులో పెట్టాను. చదువు, అనుభవం అన్నీ అడిగాక, "సర్, ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అంది.

బావ నా మొహం చూశాడు. నేను ఆయన మొహం చూశాను.

"అమ్మా, నాను ఉద్దానం మనిసిని," అన్నాడు.

"వెరీ గుడ్ సర్. అది ఏ కంపెనీ?"

ఫోను పెట్టాక ఇద్దరం పడీపడీ నవ్వాం. బావ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వాడు. తర్వాత ఆ కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు. నాకు ఏం చేయాలో తోచక టీ తెప్పించాను. ఆయన నీళ్లు కొలుచుకుని తాగాలి కాబట్టి అరగ్లాసే పోశాను.

ఊళ్లో ఈ సంగతి నిప్పులా పాకింది. జబ్బు మనిషి రెండేళ్ల చదువులో చేరాడట! నాలుగు రోజుల తర్వాత నేను వాళ్లింటికి వెళ్తే అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఆవిడ కొడుక్కి కూడా ఇదే జబ్బు. అప్ప చేతులు పట్టుకుని బతిమాలుతోంది.

"నీ మొగుడికి రొండేళ్లిచ్చిన డాట్రు ఎవులమ్మా? మావోడికి ఆరు నెల్లన్నారు. మమ్మల్నీ ఆ డాట్రు కాడికి అట్టుకెల్లు తల్లీ, నీ కాల్లట్టుకుంటాను."

మంచం మీదున్న బావే అన్నాడు: "డాట్రు కాదవ్వా. రొండేళ్లు మా ఆడది ఇచ్చినాది."

ముసలమ్మకి అర్థం కాలేదు. మళ్లీ మళ్లీ అడిగింది. చివరికి మేం ఏదో దాస్తున్నామని కోపగించుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా వచ్చారు. ఒకాయన బావ ఏ బావి నీళ్లు తాగుతున్నాడో కనుక్కుని క్యాను పట్టుకుని వెళ్లాడు. వాళ్లని చూస్తే నాకు కోపం వచ్చేది, అంతలోనే జాలేసేది.

పాఠాలు మొదలయ్యాయి. రోజూ మధ్యాహ్నం బావ వచ్చి మూల కంప్యూటరు ముందు కూర్చునేవాడు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ మాస్టారు ఇంగ్లీషులో అన్న మాటని తను కూడా గొణుక్కునేవాడు. అర్థం కానిచోట నన్ను పిలిచేవాడు. నాకు మెషీన్లు తెలియవు, ఆయనకి ఇంగ్లీషు సరిగ్గా రాదు. ఇద్దరం చెరో సగం తెచ్చి కలుపుకునేవాళ్లం. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఇంత కుస్తీ పట్టరు, ఒట్టు. ఇప్పటికీ ఎక్కడైనా ఫ్లెక్సీ సిరా వాసన తగిలితే నాకు ఆ గొణుగుడు వినిపిస్తుంది. వెనక్కి తిరిగి చూస్తాను. ఎవరూ ఉండరు.

ఒకరోజు హెడ్‌ఫోన్లు తీసేసి, "ఒలే, ఈలు గూడా ఇంటన్నారేటే?" అన్నాడు.

"ఎవరు బావా?"

తాడు వంక చూపించాడు. అప్పుడే వేలాడదీసిన బ్యానరు మీద ఒక కుర్రాడి మొహం, చుట్టూ పూలదండ. "ఈడు నా కాడే పని నేర్సుకున్నాడు. రెంచీ అందియ్యమంటే సుత్తి ఇచ్చీవోడు. ఇప్పుడు నా ఎనకాల నిల్సోని సదువు నేర్సుకుంతన్నాడు."

"నోరు ముయ్ బావా! ఇంకోసారి ఇలాటి మాటన్నావంటే నిన్ను షాపులో అడుగెట్టనివ్వను!" అని అరిచాను. ఆయన నవ్వి మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఆయన వచ్చే వేళకి ఆ బ్యానర్లన్నీ గోడవైపు తిప్పేసేదాన్ని. మొహాలు కనిపించేవి కాదు గానీ, తెల్లటి వెనక భాగాలు వరసగా వేలాడుతుంటే అదింకా భయంగా ఉండేది.

ఆ కోర్సులో ఒక పద్ధతి ఉంది. ఒక పాఠం విని దాని పరీక్ష రాస్తేనే తర్వాతి పాఠం తెరుచుకుంటుంది. ఎంతదాకా వచ్చామో చూపించే ఆకుపచ్చ పట్టీ ఒకటి తెరపైన ఉండేది. అప్పకి చదువు రాకపోయినా ఆ పట్టీ అర్థమైంది. సాయంత్రం రాగానే ముందు దాన్నే చూసేది. కొద్దిగా పెరిగితే మురిసిపోయేది.

అప్పటికి బావకి డయాలసిస్ మొదలైంది. దానికి విశాఖ వెళ్లాలి. తెల్లారే పలాసలో పాసింజరు ఎక్కి వెళ్లి, రాత్రికి చిక్కిపోయి తిరిగొచ్చేవాడు. వెళ్లని రోజుల్లో షాపుకి వచ్చి ఒకటికి రెండు పాఠాలు, రెండుకి నాలుగు పాఠాలు చేసేవాడు. కళ్లు తిరుగుతున్నా లేచేవాడు కాదు. ఏడాది ఇంకా నిండలేదు, ఆకుపచ్చ పట్టీ సగం దాటి పరుగెడుతోంది.

ఒకరోజు ఆయన విశాఖలో ఉన్నప్పుడు అప్ప ఒక్కతే షాపుకొచ్చింది.

"నెట్టు ఆపీయే," అంది.

"ఏటి?"

"బావొస్తే నెట్టు రావట్లేదని సెప్పు. తీగ తెగిపోనాదని సెప్పు. ఏదోటి సెప్పు. అది అయిపోకూడదే."

నేను దాని మొహం చూశాను. అప్పుడు తెలిసింది. అప్ప మొగుడి ఊపిరిని తీసుకెళ్లి ఆ ఆకుపచ్చ పట్టీకి కట్టేసింది.

"పిచ్చెక్కిందేటే నీకు?"

"ఎక్కినాది. నాకు తెల్దనుకున్నావేటి అది పిచ్చని? తెలిసే అడుగుతన్నాను."

నా సొంత అప్ప నా ముందు చేతులు జోడించింది. ఆ మాడిపోయిన వేళ్లు చూసి నాకు ఏడుపు ఆగలేదు. సరేనన్నాను.

మర్నాడు బావ వచ్చాడు. నెట్ రావట్లేదన్నాను. ఆయన టేబులు మీద మోడెం చూశాడు. దాని లైటు టకటకా మెరుస్తోంది.

"మీ అప్ప ఒచ్చి ఎల్లినాదేటి?"

"ఆఁ."

"పిచ్చిది," అన్నాడు. కోపం లేదు, చాలా ప్రేమగా అన్నాడు. "అదయ్యేదాకా ఉండాలని నాకున్నాది. అది అవ్వకుండా ఉండాలని దానికున్నాది. ఇద్దరం అడుగుతన్నది ఒకటే గదేటే."

పాఠం తెరిచిచ్చాను.

చివరి పరీక్ష ఒక మధ్యాహ్నం అయిపోయింది. తెరమీద అభినందనలు అని వచ్చింది, పట్టీ ఈ చివర నుంచి ఆ చివరికి నిండిపోయింది. విశాఖ వర్క్‌షాపుకి రాసి పని అడుగుదామా అన్నాను. "సూద్దాంలే," అన్నాడు. చొక్కా దులుపుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు కన్ను మూతపడితే ఒట్టు.

తెల్లారగానే షాపు తాళం కూడా తీయకుండా వాళ్ల ఊరు వెళ్లే ఆటో ఎక్కాను. నేనూ అప్పలాగే పిచ్చిదాన్నయ్యానని తెలుసు, అయినా వెళ్లాను. వీధి మలుపు తిరిగేటప్పుడు కళ్లెత్తలేదు. ఇంటిముందు జనం ఉన్నారేమో చూడ్డానికి భయమేసింది. జనం లేరు. బావ అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"ఏటే పొద్దుటే? నీ మొకం పీక్కుపోయినట్టున్నాది, ఏటైనాది?" అన్నాడు.

గుమ్మంలో అప్ప నిలబడి ఉంది. రాత్రంతా కూర్చునే ఉందని దాని కళ్లే చెప్తున్నాయి. నన్ను చూసి దొంగతనం చేసి దొరకనట్టు నవ్వింది. పెరట్లోకి లాక్కెళ్లి చెవిలో, "ఉన్నాడే! ఏటీ అవ్వలేదు!" అంది. అంతలోనే నా జబ్బ పట్టుకుంది. "ఇంకోటి సూడు. దీనికన్నా పెద్దది సూడు."

సాయంత్రం ముగ్గురం షాపులో కూర్చున్నాం. అదే వెబ్‌సైటు. ఇంజనీరింగ్‌లోకి వెళ్లాను. మూడేళ్లది ఒకటి ఉంది, కట్టడాలకి సంబంధించింది. అప్ప నా వెనక నిలబడి, "అదే, అదే" అని తొందర చేస్తోంది.

"ఆగు," అన్నాడు బావ. "ఎనక్కెల్లు. డిజైను కాడికెల్లు."

వెళ్లాను. ఇంటీరియర్, గ్రాఫిక్ దాటాక ఆపమన్నాడు. బట్టల డిజైన్. కొలతలు తీసుకుని, కాగితం మీద కత్తిరింపులు గీసి కుట్టడం. ఆరు నెలలు.

అప్ప పకపకా నవ్వింది. "జాకెట్లు కుడతావేటి మావా? ఊరంతా నవ్వుతారు!"

ఆదివారాల్లో ఊరి ఆడవాళ్లకి జాకెట్లు కుట్టేది అప్పే. జీడి రసానికి వేళ్ల చర్మం ఊడిపోయి సూది జారిపోతూ ఉండేది. అయినా దాని కుట్టు ఎంత బాగుండేదని! ఆ సంగతి నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. పేరు రాయమన్నాడని బావ పేరు మొదటి అక్షరాలు కొట్టాను. ఆయన నా చెయ్యి ఆపాడు.

"నాది కాదు. మీ అప్పది రాయ్."

రాశాను. డ్వాక్రా సంఘంలో సంతకం కోసమని అప్ప తన పేరొక్కటి ఇంగ్లీషులో నేర్చుకుంది. తెరమీద ఆ పేరు చూసి గుర్తుపట్టింది. నవ్వు ఆగిపోయింది.

"నా పేరెందుకు?"

బావ అప్ప వేళ్ల వంక చూశాడు.

"నువ్వెల్లిపోతన్నావేటి మావా?"

జబ్బు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. డాక్టర్లు తిప్పి తిప్పి చెప్పిందీ, మేం నోట్లోనే మింగేసుకుందీ. అప్ప నిలబడినచోటే నిలబడి మొగుణ్ని సూటిగా అడిగేసింది.

"ఎల్లిపోతన్నానే," అన్నాడు బావ. "నువ్వింక ఆ పిక్కల పనికి ఎల్లకు."

నేను భోరుమన్నాను. అప్ప ఏడవలేదు. కొంగుతో మొహం అద్దుకుంది. ఆయన పక్కన స్టూలు ఖాళీగా ఉంటే వచ్చి దానిమీద కూర్చుంది. తెర వంక చూసింది.

"నాకు సదువు రాదు. ఈ ఇంగ్లీసంతా నాకెవులు సెప్తారు?"

"నాను సెప్తాను," అన్నాడు బావ. "ఉన్నన్నాల్లూ నాను సెప్తాను."

మూడో పాఠం దాకా ఆయనే చెప్పాడు. తర్వాతవి నేను చెప్పాను.